సర్ఫేస్ మీద ప్రమాదకరమైన కెమికల్ ఉందో లేదో లైట్‌తో కనిపెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బాంబ్ స్క్వాడ్‌లో పనిచేసేవాళ్లు, ఫార్మా కంపెనీల్లో సేఫ్టీ చూసేవాళ్లు, ఎంఎస్సీ పిల్లలు, మిర్చి రైతులు, వీళ్లంతా వేర్వేరు సందర్భాల్లో దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వీటిలో రామన్ అనే పద్ధతి గురించే ఎక్కువ ఉంటుంది, నేను రోజూ పనిచేసేది దాంతోనే కాబట్టి. మిగతావి అవసరమైనంత వరకు చెప్తా.

అసలు ఇదేంటి, సింపుల్‌గా చెప్పండి

టేబుల్ మీదో, తలుపు హ్యాండిల్ మీదో, బ్యాగు జిప్పు మీదో, కాయ తొక్క మీదో ఏదో కెమికల్ అంటుకుని ఉందనుకోండి, దాన్ని చేత్తో ముట్టుకోకుండా దాని మీద లైట్ వేసి, తిరిగొచ్చిన లైట్‌లో ఏం మారిందో చూసి అదేంటో చెప్పడం. పేలుడు పదార్థాలు, నర్వ్ ఏజెంట్లు (నరాల్ని దెబ్బతీసే విషాలు), పురుగుమందులు, డ్రగ్స్, అన్నిటికీ ఇదే సూత్రం, మారేది పరికరాలు, ఎంత దూరం నుంచి చూస్తాం, ఎంత తక్కువ ఉంటే పట్టుకోగలం అనేవే.

లైట్ వేస్తే పేరు ఎలా తెలుస్తుంది?

మాలిక్యూల్‌లో ఆటమ్స్ కదలకుండా కూర్చోవు, ఎప్పుడూ ఊగుతూనే ఉంటాయి, ఏ బాండ్ ఎంత స్పీడ్‌గా ఊగాలన్నది ఆ బాండ్ బలాన్ని బట్టి, ఆటమ్స్ బరువుని బట్టి ఫిక్స్ అయిపోయి ఉంటుంది. లేజర్ వేసినప్పుడు చెదిరే లైట్‌లో దాదాపు అంతా వెళ్లిన రంగులోనే వెనక్కి వస్తుంది, కోటి ఫోటాన్లలో ఏ ఒకటో మాత్రం ఆ ఊగుడుకి కొంచెం ఎనర్జీ ఇచ్చేసి రంగు కాస్త మారి వస్తుంది. ఎంత మారిందో కొలిస్తే ఏ బాండో తెలుస్తుంది, ఇదే రామన్. ఇన్‌ఫ్రారెడ్ దారి వేరు, ఊగుడుకి సరిగ్గా సరిపోయే ఎనర్జీ ఉన్న లైట్‌నే నేరుగా వేసి ఏ వేవ్‌లెంగ్త్ దగ్గర మాలిక్యూల్ మింగేసిందో చూస్తారు. లిబ్స్ ఇంకో రకం, బలమైన లేజర్ పల్స్‌తో ఆ చుక్కని ప్లాస్మా (బాగా వేడెక్కి మెరిసే ఆవిరి) చేసేసి ఏయే ఎలిమెంట్స్ ఉన్నాయో చదువుతుంది.

ఒక చిన్న ఎగ్జాంపుల్ చెప్తా, నేను కొత్తవాళ్లకి ముందు చూపించేది ఇదే. స్టీల్ ప్లేట్ మీద నాలుగు తెల్ల పలుకులు పెట్టండి: యూరియా, అమ్మోనియం నైట్రేట్, పంచదార, ఉప్పు. దూరం నుంచి చూస్తే నాలుగూ ఒకటే, ఎవరూ చెప్పలేరు. 785 నానోమీటర్ల లేజర్ ఒక్కోదాని మీద కొన్ని సెకన్లు వేస్తే స్క్రీన్ మీద వచ్చే గ్రాఫ్‌లో (దీన్నే స్పెక్ట్రమ్ అంటారు) యూరియాకి 1010 దగ్గర ఒక నిటారు పీక్ లేస్తుంది, అమ్మోనియం నైట్రేట్‌కి 1043 దగ్గర (ఈ నంబర్లన్నీ సెంటీమీటరుకి ఇన్ని వేవ్‌లు అనే లెక్కలో), పంచదారకి ఒక గుంపు పీక్స్ వస్తాయి, ఉప్పుకి ఆ పీక్స్ ఏవీ రావు. ఎరువుల షాపులో దొరికే కాల్షియం అమ్మోనియం నైట్రేట్ పెడితే అదే నైట్రేట్ పీక్ పక్కన 1086 దగ్గర సున్నపురాయి పీక్ కూడా కనపడుతుంది. అంటే ఎరువు బస్తాలోదా, శుద్ధమైన అమ్మోనియం నైట్రేటా అన్న తేడా ఆ ఒక్క చిన్న పీక్‌లో ఉంది, పోలీసులకి ఈ తేడా ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఉప్పుకి ఏమీ రాలేదు కదా. అంటే ఏమీ రాకపోతే ఏమీ లేనట్టేనా?

కాదు. ఈ పేజీలో ఒక్కటే చదివి వెళ్లేవాళ్లుంటే ఇదొక్కటి చదవండి. రిజల్ట్‌లో ఏమీ రాలేదు అంటే, లేజర్ పడ్డ ఆ చిన్న చుక్కలో, ఈ మెషిన్ చూడగలిగినంత మోతాదులో, ఈ లైబ్రరీలో (మెషిన్‌లో ముందే దాచిపెట్టిన స్పెక్ట్రమ్‌ల జాబితాలో) ఉన్న కెమికల్ ఏదీ కనపడలేదు అని మాత్రమే అర్థం. ఆ వాక్యంలో ప్రతి షరతూ లెక్కలోకి వస్తుంది. ఉప్పుకి వచ్చిన ఖాళీ గీత ఉప్పు లేదని చెప్పట్లేదు, ఉప్పు ఈ పద్ధతికి కనపడదని చెప్తోంది. మెటల్స్ కూడా అంతే, రామన్‌లో కనపడవు. స్క్రీన్ మీద ఏమీ లేదనే పచ్చరంగు చూసి గ్లవ్స్ తీసేయడం అనేది ఎక్కడా జరగకూడదు, ట్రైనింగుల్లో నేను పోట్లాడేది ఈ ఒక్క విషయం మీదే.

సర్ఫేస్ మీద వెతకడం ఎందుకు, గాలిలో వాసన పట్టే డిటెక్టర్లు ఉన్నాయి కదా?

ఉన్నాయి, కానీ కొన్ని ఘోరమైన కెమికల్స్ గాలిలోకి పెద్దగా లేవవు. ఆర్డీఎక్స్ ఆవిరి మామూలు టెంపరేచర్‌లో గాలిలో ట్రిలియన్‌కి కొన్ని భాగాలే ఉంటుంది. వీఎక్స్ అనే నర్వ్ ఏజెంట్ జిడ్డు ద్రవం, సారిన్‌తో పోలిస్తే అది ఆవిరయ్యేది వెయ్యి రెట్లకి పైగా తక్కువ, పడ్డచోటే రోజుల తరబడి ఉండిపోతుంది. 2017 ఫిబ్రవరి 13న కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టులో ఉత్తర కొరియా నాయకుడి అన్న కిమ్ జోంగ్ నామ్ ముఖానికి పూసింది అదే. మరుసటి ఏడాది మార్చి 4న ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో రష్యా మాజీ గూఢచారి స్క్రిపాల్ ఇంటి తలుపు హ్యాండిల్‌కి నోవిచోక్ అనే ఇంకో నర్వ్ ఏజెంట్ రాశారు, ఆయనకీ, ఆయన కూతురికీ ప్రాణాల మీదకి వచ్చింది, ఆ ఇంటికి వెళ్లిన పోలీసు ఆఫీసర్‌కీ అంటుకుంది. ఆ తర్వాత నాలుగు నెలలకి, దానితో ఏ సంబంధమూ లేని డాన్ స్టర్జెస్ అనే ఆవిడ, నోవిచోక్ ఉన్న పర్‌ఫ్యూమ్ సీసా చేతికి రావడంతో చనిపోయింది. హ్యాండిల్ మీదుందా, కుర్చీ మీదుందా, కారులో ఉందా అని ఒక్కో సర్ఫేస్ వెతుక్కుంటూ పోవాల్సి వచ్చింది, అంతా శుభ్రం చేసేసరికి దాదాపు ఏడాది పట్టింది. ముట్టుకోకుండా, దూరం నుంచి, సర్ఫేస్ మీద ఏముందో చెప్పే పరికరం విలువ అలాంటి చోట తెలుస్తుంది.

రామన్ అంటే మన సీవీ రామన్ గారేనా?

ఆయనే. 1928 ఫిబ్రవరి 28న కోల్‌కతాలో కనిపెట్టారు, 1930లో నోబెల్ వచ్చింది, ఆ తేదీనే నేషనల్ సైన్స్ డే. మొదట్లో ఎండని లెన్సులతో ఒకచోటికి చేర్చి ఫిల్టర్లు పెట్టి కంటితోనే చూశారు, లేజర్ అప్పటికి పుట్టనే లేదు. ఆయన చిన్నప్పుడు పెరిగింది విశాఖపట్నంలో, నాన్నగారు అక్కడ ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. ఇంకో మాట, గుడివాడలో పుట్టిన సూరి భగవంతం గారు రామన్ దగ్గర పనిచేసి ఈ సబ్జెక్టుని చాలా ముందుకి తీసుకెళ్లారు, ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు, బెంగళూరు ఐఐఎస్సీకి డైరెక్టర్ అయ్యారు, తర్వాత రక్షణ మంత్రికి సైంటిఫిక్ అడ్వైజర్‌గా చేశారు. మన ఇంటర్ పుస్తకాల్లో ఆయన గురించి ఇంకాస్త ఎక్కువ రాయాలని నా గట్టి అభిప్రాయం.

ఎయిర్‌పోర్టులో బ్యాగుని ఒక చిన్న గుడ్డముక్కతో తుడిచి మెషిన్‌లో పెడతారు, అది ఇదేనా?

కాదండి, అది ఎక్కువచోట్ల అయాన్ మొబిలిటీ అనే వేరే టెక్నిక్. తుడిచిన దాన్ని వేడిచేసి ఆవిరిచేసి, అయాన్లుగా మార్చి, ఎంత టైంలో పరిగెత్తుతాయో చూస్తుంది, చాలా సెన్సిటివ్, నానోగ్రాముల్లో పట్టుకుంటుంది. చిక్కల్లా తుడవాలి అంటే ముట్టుకోవాలి, ఎక్కడ తుడవాలో ముందే తెలియాలి. ఎయిర్‌పోర్టుల్లో రామన్ వాడేది సీసాల్లో లిక్విడ్స్ చెక్ చేయడానికి, సీసా మూత తీయకుండానే లోపలున్నది చదివే పద్ధతి ఒకటుంది, లేజర్ ఒకచోట వేసి కొంచెం పక్కనుంచి వచ్చే లైట్ తీసుకుంటారు, దాంతో సీసా సిగ్నల్ తగ్గి లోపలి సరుకు సిగ్నల్ పైకి తేలుతుంది.

కంటికి కనపడనంత తక్కువ ఉంటే పట్టుకోగలదా? సెర్స్ అని వింటుంటాం, అదేంటి?

మామూలు చేతి రామన్‌కి కంటికి కనపడే పలుకో, పొడో ఉండాలి. మిక్స్ అయి ఉంటే, కావాల్సిన కెమికల్ కొన్ని శాతాలైనా ఉండాలి, అంతకన్నా తక్కువైతే పక్కనున్న వాటిలో కలిసిపోయి కనపడదు.

అక్కడే సెర్స్ వస్తుంది. 1974లో ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ వాళ్లు గరుకుగా చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్ అనే కెమికల్ పెట్టి చూస్తే సిగ్నల్ అనుకున్నదానికన్నా ఎంతో ఎక్కువొచ్చింది, 1977 కల్లా అది వెండి సర్ఫేస్ చేసే పని అని తేలింది. వెండి, బంగారం నానోపార్టికల్స్ మధ్య కొద్ది నానోమీటర్ల సందుల్లో లైట్ విపరీతంగా పోగవుతుంది, ఆ సందులో పడ్డ మాలిక్యూల్ సిగ్నల్ లక్షల రెట్లు, ఒక్కోసారి కోట్ల రెట్లు పెరుగుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో డీఆర్‌డీవో సాయంతో అక్రెమ్ అనే పేరుతో మొదలైన పరిశోధన సెంటర్ ఈ పనిలో దేశంలో ముందున్న చోట్లలో ఒకటి, ఫెమ్టోసెకండ్ లేజర్‌తో (అతి చిన్న పల్స్‌లు ఇచ్చే లేజర్) నానోపార్టికల్స్ తయారుచేసి, మామూలు ఫిల్టర్ పేపర్ మీద వేసి, పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టుకోవడం మీద వాళ్లు చాలా పనిచేశారు. ఫిల్టర్ పేపర్ అనగానే తేలిగ్గా తీసుకోకండి, బెండ్ అవుతుంది, తుడవడానికి వీలవుతుంది, చవక, ఫీల్డ్‌లో ఇంతకంటే ఏం కావాలి.

అయితే సెర్స్‌లో ఒక ఇబ్బంది ఉంది, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు ఇది ముందే తెలుసుకుంటే మంచిది. మాలిక్యూల్ ఆ మెటల్‌కి అంటుకుంటేనే బలమైన సిగ్నల్ వస్తుంది. థైరమ్ అనే ఫంగిసైడ్‌లో సల్ఫర్ ఉంటుంది, అది వెండికీ బంగారానికీ గట్టిగా పట్టుకుంటుంది, 1380 దగ్గర అందమైన పీక్ ఇస్తుంది, అందుకే ఏ పేపర్ తెరిచినా థైరమే. దాన్ని చూపించి అన్ని పురుగుమందులూ ఇలాగే దొరుకుతాయి అనుకుంటే పొరపాటు, మెటల్‌కి అంటుకోని మందులు అంత తేలిగ్గా చిక్కవు. పైగా ఒక చుక్క దగ్గర వచ్చిన సిగ్నల్ పక్క చుక్క దగ్గర రాదు, వెండి గాలిలో నల్లబడుతుంది, బ్యాచ్ బ్యాచ్‌కీ తేడా. ఉంది అని చెప్పడానికి సెర్స్ బంగారం లాంటి పద్ధతే, ఎంత ఉంది అని నంబర్ చెప్పమంటే మాత్రం ఆచితూచి చెప్పాలి.

మిర్చి మీద పురుగుమందు ఉందో లేదో ఇలా చూడొచ్చా? మాది గుంటూరు సైడ్

చూడొచ్చు, కానీ ఎండుమిర్చి నిజంగా కష్టమైన శాంపిల్. కాయని మైక్రోస్కోప్ కింద పెడితే తొక్క మీద మైనం లాంటి పొర మెరుస్తూ ఉంటుంది, సన్నటి ముడతలు, అక్కడక్కడా దుమ్ము. మందు ఎండిపోయి మిగిలేది ఆ ముడతల్లోనే ఎక్కువ, అంతటా సమానంగా ఉండదు. 532 నానోమీటర్ల పచ్చ లేజర్ వేశారంటే కాయకి ఎరుపునిచ్చే కెరోటినాయిడ్స్ లేచి కూర్చుంటాయి, 1005, 1157, 1525 ఇలా మూడు పెద్ద పీక్స్, మందు పీక్ వాటి పక్కన ఎక్కడో నలిగిపోయి ఉంటుంది. అందుకే ఎర్ర లేజర్‌కి, అంటే 785కి మారతాం, లేదంటే కాయని కొద్దిపాటి సాల్వెంట్‌తో కడిగి ఆ చుక్కని నానోపార్టికల్స్ మీద వేస్తాం. 2010లో చైనా శాస్త్రవేత్తలు బంగారు నానోపార్టికల్స్‌కి పల్చటి సిలికా తొడుగు వేసి, నారింజ తొక్క మీద అలా చల్లి, పారాథియాన్ అనే పురుగుమందు ఆనవాలు నేరుగా చూపించారు, కాయ కోయకుండా. ఆ ఐడియా నాకు ఇప్పటికీ చాలా ఇష్టం.

ఎక్స్‌పోర్ట్ సరుకు పాస్ అవ్వాలంటే మాత్రం ఇది సరిపోదు. కిలోకి 0.01 మిల్లీగ్రాము లాంటి లిమిట్స్ దగ్గర వాళ్లకి కావాల్సింది మాస్ స్పెక్ట్రోమెట్రీ ల్యాబ్ రిపోర్టే. లైట్ పద్ధతులు పనికొచ్చేది ఏ లాట్‌ని ముందు ల్యాబ్‌కి పంపాలి, కూరగాయల మీద కొట్టకూడని మోనోక్రోటోఫాస్ లాంటిది ఎవరైనా కొట్టారా అని త్వరగా జల్లెడ పట్టడానికి.

ఫ్లోరోసెన్స్ అని తిట్టుకుంటూ ఉంటారు, ఏంటది?

లేజర్ పడగానే చాలా పదార్థాలు వాటంతటవి మెరుస్తాయి, రంగు బట్టలు, మట్టి, పెయింట్, ఆకులు, చెమట అంటిన చోట్లు. ఆ మెరుపు రామన్ కన్నా లక్షల రెట్లు ఎక్కువ ఉండొచ్చు, పెళ్లి ఊరేగింపులో బ్యాండు పక్కన నిలబడి ఫోన్‌లో మాట వినడానికి ప్రయత్నించినట్టు ఉంటుంది. దీనికి విరుగుడు వేవ్‌లెంగ్త్ మార్చడం. 1064కి వెళ్తే ఫ్లోరోసెన్స్ బాగా తగ్గుతుంది, కానీ వేవ్‌లెంగ్త్ పెరిగేకొద్దీ రామన్ సిగ్నల్ నాలుగో ఘాతం లెక్కన పడిపోతుంది, ఎక్కువసేపు పట్టాలి. రెండో వైపుకి, అంటే 250 నానోమీటర్ల కిందకి వెళ్లినా రామన్ సిగ్నల్ ఉన్న చోట ఫ్లోరోసెన్స్ ఉండదు, నాసా పర్సివరెన్స్ రోవర్ మీదున్న షెర్లాక్ అనే పరికరం 248.6లో పనిచేసేది అందుకే. ఆ డీప్ యూవీ చర్మానికి, కళ్లకి మంచిది కాదు, జనం మధ్యలో వాడలేం.

ఎంత దూరం నుంచి చూడొచ్చు?

చేతి మెషిన్లు దాదాపు తగిలించినట్టే పెట్టాలి. 2019లో పుణెలో డీఆర్‌డీవో పేలుడు పదార్థాల ల్యాబ్ హెచ్ఈఎంఆర్ఎల్, ఐఐఎస్సీ కలిసి రైడర్-ఎక్స్ అనే రామన్ డిటెక్టర్ చూపించాయి, రెండు మీటర్ల దూరం నుంచి పేలుడు పదార్థం గుర్తుపడుతుంది. అమెరికాలో నిఘా సంస్థల కోసం పరిశోధన చేయించే ఐఆర్పా వాళ్ల సిల్మరిల్స్ అనే ప్రోగ్రామ్ టార్గెట్ 30 మీటర్ల నుంచి, అదీ సర్ఫేస్ మీద ఆనవాలు మోతాదులో, ఇన్‌ఫ్రారెడ్ లేజర్లతో. అందులో వాడిన క్వాంటమ్ క్యాస్కేడ్ లేజర్ 1994లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది, ట్యూన్ చేయగలిగే చిన్న ఇన్‌ఫ్రారెడ్ లేజర్ దొరకడం వల్లే ఇదంతా సాధ్యమైంది. దూరం పెరిగితే తిరిగొచ్చే లైట్ దూరం స్క్వేర్‌తో తగ్గుతుంది, ఎండ కలుస్తుంది, పైగా ఇన్‌ఫ్రారెడ్‌లో పలుకు సైజుని బట్టి, పొర మందాన్ని బట్టి, చూసే కోణాన్ని బట్టి పీక్ షేపే మారిపోతుంది. ఒకే కెమికల్ గ్లాస్ మీద ఒకలా, కారు పెయింట్ మీద ఇంకోలా కనపడుతుంది, ల్యాబ్‌లో చేసిన లైబ్రరీ రోడ్డు మీద తడబడేది ఇక్కడే.

లిబ్స్ అంటే చంద్రయాన్‌లో వాడిందేనా?

అవును, 2023 ఆగస్టులో ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి మట్టిలో సల్ఫర్ ఉందని చెప్పింది దానితోనే. మార్స్ మీద క్యూరియాసిటీ రోవర్ ఏడు మీటర్ల దాకా దూరం నుంచి రాళ్ల మీద ఇలాగే కొడుతోంది. సీసం, ఆర్సెనిక్, క్రోమియం లాంటి మెటల్స్ కావాలంటే లిబ్స్‌కి మించింది లేదు. కానీ చాలా పేలుడు పదార్థాల్లో ఉండేది కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజనే, అవి గాలిలోనూ ఉన్నాయి, ప్లాస్టిక్‌లోనూ ఉన్నాయి, రేషియోలు చూసి తేల్చాలి, అది తేలిక కాదు. కొట్టినచోట చిన్న గుంట కూడా పడుతుంది.

లేజర్ వేస్తే పేలదా?

మంచి ప్రశ్న, అందరూ అడగాల్సిన ప్రశ్న. తెల్లటి పొడులు లైట్‌ని పెద్దగా పీల్చవు కాబట్టి మామూలు చేతి మెషిన్ పవర్‌కి సాధారణంగా ఏమీ కాదు. నల్లగా, ముదురు రంగులో ఉన్నవి వేరు, గన్‌పౌడర్ లాంటివి లేజర్‌ని పీల్చుకుని వేడెక్కి అంటుకోవచ్చు. ముదురు రంగు పొడి కనపడితే లేజర్ వేయొద్దు. ఏదైనా అనుమానమున్న పొడి అయితే కొద్దిగా విడిగా తీసి, పవర్ తగ్గించి, టైమర్ పెట్టి దూరం జరగాలి, చాలా మెషిన్లలో ఆ డిలే ఆప్షన్ ఉంటుంది, దాన్ని వాడటం నామోషీ కాదు.

కళ్ల సంగతి కూడా. 785 లేజర్ కంటికి సరిగ్గా కనపడదు, సన్నటి ఎరుపు మాత్రమే, అంచేత రెప్ప వాలదు, దెబ్బ మాత్రం పూర్తిగా తగులుతుంది. స్టీల్ టేబుల్, టైల్స్ మీద నుంచి రిఫ్లెక్ట్ అయ్యి కూడా రావొచ్చు. ఆ వేవ్‌లెంగ్త్‌కి సరిపోయే గాగుల్సే పెట్టుకోవాలి, చలువ కళ్లద్దాలు పనికిరావు.

డ్రగ్స్, కల్లులో కలిపే అల్ప్రాజోలం, ఇవి పట్టుకుంటుందా?

బల్ల మీద పొడిగా దొరికితే అల్ప్రాజోలం తేలిగ్గానే పట్టుకుంటుంది, కవర్ లోపల ఉన్నా సరే, కవర్ పల్చటి ప్లాస్టిక్ అయితే చాలు. కల్లులో కలిపేశాక ఉండే మోతాదుకి నేరుగా కనపడదు. ఫెంటనైల్ (చాలా బలమైన మత్తు పెయిన్‌కిల్లర్) లాంటివి వేరే పొడిలో ఒకటి రెండు శాతమే కలుపుతారు, మామూలు రామన్ కింది పొడి పేరు మాత్రమే చెప్పి ఊరుకునే ప్రమాదం ఉంది, అది ప్రాణాంతకం. కోర్టుకి వెళ్లేది ఎలాగూ ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టే, హైదరాబాద్‌లో అయితే రెడ్ హిల్స్ ఎఫ్ఎస్ఎల్‌ది. ఫీల్డ్‌లో వచ్చిన స్పెక్ట్రమ్ ఏ దిక్కున వెళ్లాలో చెప్తుంది.

స్టైరీన్ లాంటి గ్యాస్ లీకైతే?

2020 మే 7న విశాఖలో జరిగినలాంటి దానికి సర్ఫేస్ పద్ధతి మొదటి ఆయుధం కాదు, అప్పుడు కావాల్సింది గాలిని కొలిచే డిటెక్టర్లు, గాలి దిక్కు చూసి జనాన్ని కదిలించడం.

మెషిన్ కరెక్ట్‌గా చెప్తోందని ఎలా నమ్మాలి?

రోజూ పొద్దున్న ఆన్ చేయగానే సిలికాన్ ముక్క పెట్టండి, పీక్ 520.7 దగ్గర రావాలి. లేకపోతే పాలిస్టైరీన్, 1001 దగ్గర రావాలి. రెండు మూడు యూనిట్లు జరిగిందంటే ఆ రోజు వచ్చే ప్రతి పేరూ అనుమానమే, పైన చెప్పిన యూరియా 1010 పక్కన ఎంత దగ్గర్లో ఏముందో చూస్తే మీకే అర్థమవుతుంది. మ్యాచ్ 95 శాతం అని స్క్రీన్ చెప్పినా సరే, స్పెక్ట్రమ్ ఓపెన్ చేసి పెద్ద పీక్స్ అన్నీ కలిశాయా అని మీ కళ్లతో చూడండి. ఆ శాతం రెండు గీతలు ఎంత పోలి ఉన్నాయో చెప్పే లెక్క, కెమికల్ 95 శాతం ఉందని కాదు, చాలామంది ఆఫీసర్లు ఇక్కడే తికమక పడతారు.

ఫోన్‌కి తగిలించుకునేది ఏదైనా ఉందా? రేటెంత?

కూరగాయల మీద మందుని ఫోన్ కెమెరాతో చెప్పేస్తాం అనే యాప్‌లని నమ్మకండి, కెమెరాకి మూడు రంగులే తెలుసు. నిజమైన చేతి రామన్ మెషిన్లు ఇప్పటికీ లక్షల్లోనే ఉన్నాయి, మంచివైతే పదుల లక్షలు. దాంతోపాటు లైబ్రరీ అప్‌డేట్ ఖర్చు కూడా అడగండి, లైబ్రరీలో లేని కెమికల్‌ని మెషిన్ ఎంత ఖరీదైనదైనా గుర్తుపట్టదు.

మీకు శాంపిల్ పంపాలంటే ఎలా పంపాలి?

ప్రాణం మీదకి తెచ్చేదని అనుమానం ఉంటే పంపొద్దు, ముట్టుకోవద్దు, ముందు పోలీసులకో ఫైర్ వాళ్లకో చెప్పండి. మామూలు మరక, పొడి, ఎరువు లాంటిదైతే రంగులేని చిన్న గ్లాస్ సీసాలో పెట్టండి, రంగు ప్లాస్టిక్ డబ్బాలు, న్యూస్‌పేపర్ పొట్లాలు వద్దు, ఇంకు కూడా మెరుస్తుంది. సర్ఫేస్ మీద మరక అయితే ఆ ముక్కనే పంపండి, గీకితే కింది పెయింట్ కలిసిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా మరక లేని అదే సర్ఫేస్ ముక్క ఇంకోటి పంపండి, అదే బట్ట, అదే టైల్, అదే తోటలో మందు కొట్టని కాయ. దాని స్పెక్ట్రమ్ తీసేస్తే మిగిలేదే మనకి కావాల్సింది. ఎక్కువమంది మర్చిపోయేది ఆ రెండో ముక్కే. సీసా మీద తేదీ, ఎక్కడ తీశారు, ముందు ఏమైనా కడిగారా, శానిటైజర్ గానీ బ్లీచింగ్ గానీ కొట్టారా, ఇవి రాసి అతికించండి.